ఓనరుగారు ఊళ్లో లేరు

మా దేవరాపల్లిలో ఇప్పుడు ఏ వీధిలోకి వెళ్లినా ఒక టు-లెట్ బోర్డు, దాని మీద ఫోను నంబరు. ఆ నంబరుకి కొడితే ఎక్కడ మోగుతుందో తెలుసా? విశాఖపట్నంలో, గాజువాకలో, హైదరాబాదులో. సముద్రాలు దాటి మోగేవి కూడా ఉన్నాయి. ఇల్లు ఇక్కడ, మోటారు ఇక్కడ, మెయిన్ స్విచ్చి ఇక్కడ, లోపల కాపురముంటున్న పిల్లాపాపా ఇక్కడ. ఓనరుగారు మాత్రం ఊళ్లో లేరు. మా పక్కనే రైవాడ రిజర్వాయరు ఉంది. శారదా నది నీళ్లు అక్కడ ఆపి విశాఖకి పంపుతున్నారు. నీళ్లూ అటే పోయాయి, ఇళ్లున్న మనుషులూ అటే పోయారు.

పోవద్దని నేననను. ఉద్యోగాలు అక్కడున్నాయి, పిల్లల చదువులు అక్కడున్నాయి. నా గొడవల్లా ఒక్కటే. ఇల్లు అద్దెకిచ్చినవాడు ఆ ఇంట్లో ఆపదొస్తే రావాలి. తను రాలేకపోతే తన బదులు వచ్చే మనిషిని పెట్టాలి. ఆ మాత్రం కూడా లేకుండా నెలనెలా డబ్బు పుచ్చుకోవడం నాకు మింగుడుపడదు.

1985లో ఎన్టీ రామారావుగారి ప్రభుత్వం తాలూకాలు తీసేసి మండలాలు పెట్టింది. దేవరాపల్లి మండల కేంద్రమైంది. అంతకుముందు మా ఊళ్లో అద్దె ఇల్లనే మాటే తక్కువ. ఎవరైనా మాస్టారో, కంపౌండరో వస్తే ఎవరి వీధిగదిలోనో సర్దుకునేవారు. మండలం వచ్చాక ఎమ్మార్వో ఆఫీసు గుమస్తాలు, బ్యాంకువాళ్లు, ఏఎన్ఎంలు, లైన్‌మన్లు, రోజూ చోడవరం నుంచి బస్సుల్లో వేళ్లాడి రాలేనివాళ్లంతా ఇల్లు కావాలని తిరగడం మొదలుపెట్టారు. మా నాన్న పెరట్లో వరసగా నాలుగు పెంకుటి వాటాలు వేయించాడు. నలుగురికీ ఒకటే నుయ్యి, ఒకటే గేటు. మొదటి వాటా ఇస్తున్న రోజున నన్ను పిలిచి చెప్పాడు: "అద్దె పుచ్చుకున్నాక అర్ధరాత్రి తలుపు కొట్టినా లేవాలి. లేవలేనివాడు ఆ వాటాలో గడ్డి వేసుకోవాలి."

మా రోజులన్నీ మంచివేనని నేను చెప్పను. గుమ్మంలో నిలబెట్టి "మీరేవిట్లు?" అని కులం అడిగి, సమాధానం నచ్చకపోతే "ఇల్లు నిన్ననే ఇచ్చేశాం బాబూ" అనేవారు. మంచి మాస్టార్లు ఇల్లు దొరక్క, ఏళ్ల తరబడి రోజూ రెండు బస్సులు మారి వచ్చి పాఠాలు చెప్పి వెళ్లడం నేను కళ్లారా చూశాను. అది అప్పుడూ తప్పే. ఇప్పుడు అదే ప్రశ్న ఫోన్లో అడుగుతున్నారు. ఆ ఒక్క విషయంలో మాత్రం కాలం మారలేదు, మారాల్సింది అదే.

మా వీధి అరుగు మీద ఒక చెక్కపెట్టె ఉండేది. అందులో టెస్టరు, ఫ్యూజు తీగ చుట్టిన అట్టముక్క, పైపు రెంచి, జనపనార, పాత సైకిలు ట్యూబు ముక్కలు, కొవ్వొత్తులు, బ్యాటరీ లైటు. పక్కన గోడకి ఆనించి, కాలవలో అడ్డం పడితే తోయడానికి పొడుగాటి వెదురు బద్ద. పైపు పగిలిందని ఎవరైనా వస్తే ముందు వాల్వు కట్టేసేవాణ్ణి. తర్వాత ట్యూబుని రెండంగుళాల వెడల్పున కోసి, సాగదీస్తూ, పగులుకి ఒక జానెడు ఇవతల మొదలెట్టి జానెడు అవతల దాకా చుట్టి, పైన ఇనప తీగతో మెలేసి బిగిస్తే తెల్లారేదాకా ఆగేది. తెల్లారాక ప్లంబరు. అతను చోడవరం నుంచి రావాలి, ఎప్పుడొస్తాడో ఎవరికీ తెలీదు. అందుకే రాత్రి గట్టెక్కించడం ఇంటాయన పని.

కరెంటు పోయిందంటే మొదట చూడాల్సింది పక్కింటి దీపం. అక్కడా లేకపోతే లైను పోయినట్టు. మన ఒక్క వాటాలోనే లేకపోతే ఫ్యూజు పోయినట్టు. ఈ సంగతి మా వాటాల్లో చంటిపిల్లలకి కూడా తెలుసు. పింగాణీ ఫ్యూజు ఊడదీసి, కాలిన తీగ గీకేసి, సన్నటి తీగ ఒక్క పోగు వేసి బిగించేవాణ్ణి. మాటిమాటికీ ఎవరు పిలుస్తారులే అని కొందరు లావుపాటి రాగితీగ పెట్టేసేవారు. అది కనిపిస్తే పీకి పారేసేవాణ్ణి, ఎంత పెద్ద ఆఫీసరైనా సరే. ఫ్యూజు కాలకపోతే గోడలోపల వైరు కాలుతుంది. పెంకు కింద వాసాలున్న ఇంట్లో ఆ నిప్పు ఎక్కడిదాకా పాకుతుందో వేరే చెప్పాలా?

ఇప్పుడు అంతకంటే మంచివి వచ్చాయి. వాటిని నేను తక్కువ చేయను. ముప్ఫై మిల్లీ యాంపుల కరెంటు పక్కదారి పడితే చాలు, రెప్పపాటులో లైను కట్టేసే స్విచ్చి ఉంది, ఆర్‌సీసీబీ అంటారు. మా రోజుల్లో అది ఉండి ఉంటే ఈ మండలంలో తడి బట్టలారేసే ఇనప తీగల మీద పోయిన ఆడవాళ్లు కొందరు ఈపాటికి మనవల్ని ఎత్తుకుని ఉండేవారు. మరి ఇప్పుడు కడుతున్న డాబాల్లో అది ఎందరు పెట్టిస్తున్నారు? హాల్లో నల్లటి గ్రానైటు, పైన పువ్వుల సీలింగు, గేటుకి బంగారు రంగు. ఆ స్విచ్చి దగ్గరికొచ్చేసరికి డబ్బులుండవు.

మా వెనక వీధిలో మేడ మీద పోర్షన్లో ఒకమ్మాయి ఉంటుంది. 2019లో గ్రామ సచివాలయాలు పెట్టినప్పుడు ఉద్యోగం వచ్చిన పిల్ల. బాత్రూంలో కొళాయి ముట్టుకుంటే జిల్లుమంటోందని ఓనరుకి ఫోను చేసింది. "ఎవరైనా ఎలక్ట్రీషియన్ని చూసుకోండి, బిల్లు వాట్సాప్‌లో పెట్టండి" అన్నాడట. ఆవిడకి ఈ ఊళ్లో ఎవరు తెలుసు? చంటిపిల్లాణ్ణి ఎత్తుకుని మా ఇంటికొచ్చింది. వెళ్లి ముందు మెయిన్ కట్టేశాను. తర్వాత ఇంటి వెనక ఎర్తు గొయ్యి వెతికాను. దాని మీద ఇసక పోసి, ఇసక మీద ఇటికలు పేర్చేశారు. తవ్వితే లోపల ఉప్పూ లేదు, బొగ్గూ లేదు, మన్ను ఎండిపోయి పొడిపొడిగా రాలుతోంది. పైపుకి కట్టిన తీగ చెయ్యి తగలగానే తుప్పై ఊడొచ్చింది. ఇంకేముంది, గీజర్లో లీకైన కరెంటుకి భూమిలోకి దారి లేదు, కొళాయి పైపుల్లోకి వచ్చింది. మనిషిని పిలిపించి, గీజరు పీకించి, కొత్త తీగ వేయించి, గొయ్యిలో బొగ్గూ ఉప్పూ వేయించి నాలుగు బిందెలు నీళ్లు పోయించాను. వేసవిలో వారానికోసారైనా ఆ గొయ్యి తడపాలి. ఈ ముక్క తెలిసిన ఓనర్లు ఈ రోజుల్లో ఎందరో చెప్పండి. డబ్బు ఓనరు ఆ సాయంత్రమే పంపాడు, కాదనను. ఆ పిల్లాడికేమైనా అయ్యుంటే ఏ ఫోన్లో ఎంత పంపేవాడు?

అద్దెకున్నవాళ్ల మీద కూడా నాకు కోపం ఉంది. మా రోజుల్లో కొళాయి చుక్కలుగా కారుతుంటేనే పిల్లాడి చేత కబురు పంపేవారు. ఇప్పుడు ట్యాంకు కింద పైపు ధారగట్టి పోతుంటే ఎదురుగా నిలబడి వీడియో తీసి పంపుతున్నారు. వాల్వు చేతికందే ఎత్తులో ఉంటుంది, తిప్పరు. స్లాబు చెమ్మగిల్లి పెచ్చులూడే వరకూ మంచం అడ్డం పెట్టి నోరెత్తరు, అడిగితే అద్దె పెంచుతారని భయం. గ్యాసు వాసనొస్తే కంగారులో లైటు వేసి వెతుకుతారు, ఫ్యాను తిప్పుతారు. ఆ గ్యాసు గాలికంటే బరువు, నేల మీదే పరుచుకుని ఉంటుంది. స్విచ్చి నొక్కితే వచ్చే రవ్వ చాలు కొంప అంటుకోడానికి. ఏ స్విచ్చీ ముట్టకుండా రెగ్యులేటరు కట్టేసి, తలుపులు కిటికీలు తెరిచి, అందరూ బయటికొచ్చి 1906కి ఫోను చేయాలి. మా వాటాల్లో వంటింటి తలుపు వెనక ఈ నంబరూ, కరెంటుకి 1912, అంబులెన్సుకి 108, మా ఇంటి నంబరూ పెయింటుతో రాయించాను. కాగితమైతే చిరిగిపోతుందని.

ఇక కాగితాల సంగతి. ఇప్పుడు అందరూ పదకొండు నెలల అగ్రిమెంటు రాయించుకుంటున్నారు. ఏడాది దాటిన లీజుకి రిజిస్ట్రేషన్ చేయించాలని 1908 నాటి చట్టం చెబుతుంది కాబట్టి ఆ పదకొండు. అందులో పేజీల కొద్దీ షరతులు. మేకు కొట్టరాదు, కుక్కని పెంచరాదు, చుట్టాలు మూడ్రోజులు మించి ఉండరాదు. అర్ధరాత్రి గోడ కూలితే ఓనరు ఏం చేయాలో మాత్రం ఒక్క వాక్యం ఉండదు. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం మునిసిపాలిటీలున్న పట్నాలకే గానీ మా పంచాయతీ ఊళ్లకి వర్తించలేదు. మాకున్నది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. అందులో 108వ సెక్షన్ చదివించుకోండి. ఓనరు చేయాల్సిన మరమ్మతు, చెప్పినా సకాలంలో చేయకపోతే, అద్దెకున్నవాడు తనే చేయించుకుని ఆ ఖర్చు వడ్డీతో సహా అద్దెలో పట్టుకోవచ్చు. అగ్గివల్లో తుపానువల్లో వరదవల్లో ఇల్లు ఇక కాపురానికి పనికిరాకుండా పోతే లీజు రద్దు చేసుకునే హక్కు అద్దెకున్నవాడిదే. తెల్లదొరల కాలంలో రాసుకున్నవాళ్లకి కూడా ఆ మాత్రం తోచింది. 2021 జూన్‌లో కేంద్రం నమూనా అద్దె చట్టం ఒకటి ఆమోదించింది. కాపురానికిచ్చే ఇంటికి రెండు నెలల అద్దెకి మించి అడ్వాన్సు తీసుకోకూడదనీ, గొడవొస్తే నీళ్లూ కరెంటూ కట్టేయకూడదనీ అందులో ఉంది. నీళ్లు కట్టేయకూడదని చట్టం రాయాల్సిన రోజొచ్చిందే అని నా బాధ.

హుద్‌హుద్ తుపాను సంగతి చెబుతాను. 2014 అక్టోబరు 12, ఆదివారం. విశాఖ దగ్గర తీరం దాటింది, గంటకి 180 కిలోమీటర్ల గాలి అన్నారు. మేం సముద్రానికి దూరంగా కొండల దాపున ఉన్నా, ఆ గాలి మమ్మల్నీ వదల్లేదు. పొద్దున్నే మూడో వాటా మీద పెంకులు వరసగా లేవడం మొదలైంది. ఒక్కొక్కటీ లేచి, గోడకి కొట్టుకుని పగిలిపోతోంది. చివరి వాటాకి ఆ ఏడే రేకులు వేయించాం, ఒక రేకు కొక్కేలతో సహా ఊడి కొబ్బరిచెట్టుని కోసుకుంటూ పోయింది. నేను గోడ పట్టుకుని నడుస్తూ ఒక్కో వాటా తలుపూ కొట్టి అందర్నీ మా డాబా ఇంట్లోకి తెచ్చాను. ముందు మెయిన్లన్నీ కట్టేశాను. నాలుగు కుటుంబాలూ మా హాల్లోనే. ఒకావిడ నెలలు నిండిన మనిషి, ఆవిడకి మా మంచం ఇచ్చాం. మా ఆవిడ కట్టెల పొయ్యి మీద పెద్ద గుండిగతో పప్పూ అన్నం కలిపి వండేసింది. గాలి కాసేపు ఆగి మళ్లీ ఎదురు దిక్కు నుంచి కొట్టింది. అప్పుడు పిల్లలు ఏడ్చారు.

మర్నాడు చూస్తే చెరుకు తోటలన్నీ నేలకి పరుచుకుపోయాయి. స్తంభాలు మెలికలు తిరిగి పడున్నాయి. కరెంటు చాలా రోజులు రాలేదు. మోటార్లున్నవాళ్ల ట్యాంకులు ఒక్కరోజులో ఖాళీ. నుయ్యి పూడ్పించేయమని అంతకు రెండేళ్ల ముందే నాకు అందరూ సలహా ఇచ్చారు, పిల్లలు పడతారని. పూడ్పించలేదు, పైన ఇనప జాలీ వేయించాను. ఆ నుయ్యే వీధి వీధంతటికీ నీళ్లిచ్చింది. చేద కోసం వరసలో నిలబడ్డవాళ్లలో అంతకుముందు నాతో మాటల్లేనివాళ్లు కూడా ఉన్నారు. కప్పు మళ్లీ వేయించేదాకా ఆ రెండు వాటాలకీ అద్దె తీసుకోలేదు. ఇది గొప్పకి చెప్పడం లేదు. కప్పు లేని ఇంటికి అద్దె ఏమిటి? అప్పటికే విశాఖలో ఉంటున్న మా ఊరి ఓనరొకాయన, ఫోన్లు పనిచేయడం మొదలవగానే మొదట అడిగింది, "నా బోర్డు, గేటు బాగున్నాయా?" అని. లోపలున్నవాళ్ల సంగతి ఆ తర్వాత కూడా అడగలేదు.

పాముల విషయంలో మాత్రం ఇప్పటివాళ్లే నయం. ఇటు మాడుగుల, చీడికాడ, దేవరాపల్లి కొండవార ఊళ్లలో గిరినాగు తిరుగుతుంది. పన్నెండడుగుల పాము పెరట్లో తలెత్తితే మా రోజుల్లో ఊరంతా కర్రలు పట్టుకునే వచ్చేది. ఇప్పుడు తూర్పు కనుమల వన్యప్రాణి సంఘం కుర్రాళ్లు, అటవీశాఖవాళ్లు వచ్చి పట్టుకుని కొండ మీద వదులుతున్నారు. 1972 చట్టం ప్రకారం దాన్ని చంపడం నేరం కూడా. అది తినేది ఇతర పాముల్ని. ఇళ్లలో ఎక్కువ భయపడాల్సింది వేరే పాములకి. మన ఆసుపత్రుల్లో ఉండే పాముకాటు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగింటికే. అలాంటివి ఇళ్లలోకి వస్తుంటాయి. ఎలకల కోసం వస్తాయి, బాత్రూం తూము గుండా దూరతాయి. తూముకి జాలీ వేయించడానికి వంద రూపాయలు కాదు. ఇల్లు ఇచ్చేముందు ఏ ఓనరైనా మోకాళ్ల మీద కూర్చుని ఆ తూము చూశాడా?

నన్ను అన్నిటికంటే కోసేది చావు. అద్దె ఇంట్లో చావు సంగతి తెలుగువాళ్లకి నేను విప్పి చెప్పక్కర్లేదు. ధనిష్ఠ మొదలు రేవతి దాకా ఆ అయిదు నక్షత్రాల్లో ప్రాణం పోతే ఇల్లు నెలల తరబడి మూసేయాలంటారు. ఆ భయంతో ఓనర్లు, పెద్దవాళ్లు మంచాన పడగానే ఖాళీ చేయమంటారు. మా రెండో వాటాలో ఒక మాస్టారి తల్లి అలాగే మంచాన పడింది. ఇరుగుపొరుగు మా నాన్న దగ్గరికొచ్చి బండి కట్టించి వాళ్ల ఊరు పంపించేయమన్నారు. మా అమ్మ గుమ్మంలోకొచ్చి అంది: "ఆ ముసలమ్మ గుమ్మంలోంచే ఎల్తాది. ఈదిలోంచి కాదు." రెండ్రోజులకి ఆవిడ పోయింది. సిద్ధాంతిగారు చూసి నక్షత్రం మంచిది కాదన్నారు. మా అమ్మకి నమ్మకం ఉంది, అందుకే ఆయన చెప్పినన్నాళ్లూ ఆ వాటాకి తాళం వేయించింది. మాస్టారి సంసారాన్ని మా ఇంట్లోనే ముందుగదుల్లో ఉంచింది. నష్టం మేం భరించాం. నమ్మకం మనదైతే దాని ఖర్చూ మనదే కదా! ఏడుస్తున్నవాడి మీద వేయడం ఎలా?

ఈ మధ్య జరిగింది వినండి. మా ఊళ్లో అద్దెకుండే ఒక డ్రైవరు జబ్బుచేసి విశాఖలో పెద్దాసుపత్రిలో పోయాడు. ఇంకా నలభై నిండలేదు. శవాన్ని తెస్తుంటే దారిలో భార్యకి ఓనరు ఫోను చేశాడు, ఇంటికి తేవద్దని. ఆ తర్వాత ఫోను ఎత్తలేదు. అంబులెన్సు జంక్షన్లో ఆగిపోయింది. పిల్లలిద్దరూ బడి బట్టల్లోనే చెట్టు కింద కూర్చున్నారు. నాకు కబురొచ్చి వెళ్లేసరికి ఆవిడ రోడ్డు మీద నిలబడి, "ఎక్కడికెల్లాలి బాబాయ్" అంది. మా గేటు తీయించాను. పెరట్లో టార్పాలిను కట్టించాం. స్నానం చేయించడం, పాడె కట్టడం అంతా మా నూతి దగ్గరే. పన్నెండో రోజు దాకా వాళ్లు మా వాటాలోనే ఉన్నారు. కర్మ అయ్యాక ఓనరు మనిషిని పంపాడు, గోడలకి రంగులు వేయించాలి, అడ్వాన్సులో పట్టుకుంటానని. ఆ అడ్వాన్సు నేను దగ్గరుండి ఇప్పించాను, పైసా తగ్గకుండా.

పండగలకి ఈ ఓనర్లంతా కార్లేసుకుని ఊరొస్తారు. వచ్చినవాడినల్లా నేను వాళ్ల గేటు దగ్గరే ఆపి అడుగుతున్నాను. మేడ మీద గది తాళంచెవి ఒకటి ఊళ్లో ఎవరికైనా ఇచ్చి వెళ్లండి. మెయిన్ స్విచ్చి ఎక్కడుందో, వాల్వు ఎక్కడుందో, సెప్టిక్ ట్యాంకు మూత ఏ బండ కిందుందో అద్దెకున్నవాళ్లని వెంటబెట్టుకుని చూపించండి. ఒక ఎలక్ట్రీషియనుతో, ఒక ప్లంబరుతో ముందే మాట్లాడి పెట్టండి, నా పేరు చెబితే వెళ్లు, డబ్బు నేనిస్తానని. ఎవరూ దొరక్కపోతే తాళంచెవి నాకివ్వండి, నా మోకాళ్లు ఇంకా మేడమెట్లు ఎక్కుతున్నాయి. కొందరు ఇచ్చారు, ఒక్కోదానికి రంగు దారం కట్టి చెక్కపెట్టెలో పెట్టాను. ఇవ్వనివాళ్లని సంక్రాంతికి మళ్లీ పట్టుకుంటాను.